పూత పోయిన చోటు

కోపమొస్తే మా మేనత్త నోరు పారేసుకునేది కాదు. ఎడమ చేతికున్న వాచీ అంచును కుడి బొటనవేలితో రుద్దుతూ కూర్చునేది. కాసేపటికి "సరే తియ్" అనేది. ఆ సంగతి మళ్లీ ఎత్తేది కాదు.

మీర్‌పేట్‌లో తాత భూమిని ప్లాట్లు చేసి అమ్మేటప్పుడు మా నాయన ఆమె వాటా వదులుకునే కాగితాలు తెచ్చి ముందు పెట్టాడు.

"ఆడపిల్లవు, నీకెందుకీ లొల్లి? సంతకం పెట్టు."

ఆమె కాగితాల వైపు చూడలేదు. ముందున్న చాయ్ చల్లారేదాకా వాచీనే రుద్దింది. తర్వాత "సరే తియ్ అన్నా" అని సంతకం పెట్టేసింది.

ఆమె పోయాక ఆ వాచీ నాకొచ్చింది. ఎంత చేస్తుందో తెలుసుకుందామని దిల్‌సుఖ్‌నగర్‌లో పాత గడియారాలు కొనే దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణాయన వెనక మూత తీసి, కంటికి అద్దం పెట్టుకొని చూశాడు.

"కీ ఇచ్చే పాత లేడీస్ వాచీ సార్. మిషన్ మంచిగుంది. బంగారం కాదు, పూతనే. అంతటా కొత్తదాని లెక్కనే ఉంది గానీ గీ ఒక్క పక్కన ఇత్తడి తేలింది. ఏం రుద్దుకుంది దీనికి?"

"బొటనవేలు," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "గిట్లుంటే ధర రాదు. పూత ఏయించి తీస్కరాండ్రి, మంచి ధర ఇస్త."

ఇత్తడి తేలిన చోట నా బొటనవేలు పెట్టి చూశాను. సరిగ్గా కుదిరింది.

ఆ భూమి పైసలతో కట్టిన మా ఎల్‌బీ నగర్ ఇంటికి పండగొస్తే రంగులేయిస్తాం. వాచీకి మాత్రం పూత వేయించలేదు.