చెంగమ్మ పోసిన నీళ్ళు

ముసురు పట్టిన రోజుల్లో కొండవాలు గోడ బొక్కల్లోంచి ఎర్రనీళ్ళు బొళబొళా కారే చప్పుడు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. నీళ్ళు బయటికి వస్తున్నాయంటే గోడ నిలుస్తుందని అర్థం. నిన్న తిరుపతిలో ఆ చప్పుడు వింటూ నిలబడితే మా సులోచనమ్మ మేడం గుర్తొచ్చారు. కాలేజీలో ఇంజనీరింగు చెప్పి రిటైరయ్యాక, కోర్టులు అడిగితే కూలిన కట్టడాలు చూసి నివేదికలిచ్చేవారు. నేను ఆవిడ దగ్గర ఇంజనీరుని. నోరు మహా గట్టిది తల్లికి! గీత కాస్త వంకరపోతే, "నిద్దరలో గీసినావా నాయనా?" అనేవారు.

ఒక బిల్డరు ప్లాట్ల కోసం కొండ అంచు తొలిచి, నీళ్ళు పోయే దారి వదలకుండా గోడ కట్టాడు. పెద్దవానకు ఆ గోడా, వెనకున్న మట్టీ కలిసి కింది ఇంటిమీద పడ్డాయి. తిరుచానూరులో పూలమ్మే చెంగమ్మ ఇల్లది. ఆమె మొగుడు లోపలే పోయాడు. కేసు వేస్తే బిల్డరు తరఫున రెండు మాటలన్నారు. అది దైవాధీనం, కాదంటే, గోడ మొదట్లో మల్లెచెట్లకు చెంగమ్మ పోసిన నీళ్ళకే పునాది మెత్తబడింది. ఆ రెండో మాటను పాపం చెంగమ్మే నమ్మేసింది.

మేము చూడబోతే, "నేనే సంపుకున్న్యా మేడం. దినామూ బిందెలు బిందెలు పోస్తి" అని తల బాదుకుంది. మేడం మల్లెపాదు దగ్గర పునాది తవ్వమన్నారు. నాకు విసుగొచ్చింది. "గోడకు బొక్కల్లేవని తేలిపోయింది కదా మేడం, ఇదెందుకు?"

"నోరు మూసుకోని తవ్వప్పా. ఆ యమ్మకు జవాబు ఎవురు చెప్తారు?"

చిత్తూరు కోర్టులో బిల్డరు వకీలు, "కొండ జారడం దేవుని పని కాదా?" అని అడిగాడు.

"ఇప్పుడే నాతో దేవుని మీద ప్రమాణం చేయించినారు. మళ్ళా తప్పు ఆయన మీదికే తోస్తే ఎట్ల సార్?" అన్నారు మేడం. జడ్జిగారు నవ్వాపుకున్నారు.

"మరి మల్లెచెట్ల నీళ్ళు?"

మేడం వకీలు వైపు కాదు, చెంగమ్మ వైపు తిరిగారు. "తవ్వి చూసినాము. పునాది గట్టిగానే ఉండాది. వెనక నిలిచిన వాననీళ్ళు తోస్తే గోడ నడుముకాడ విరిగింది. ఆ యమ్మ పోసిన నీళ్ళకూ దీనికీ సంబంధం లేదు."

చెంగమ్మ లేచి నిలబడింది. "ఇంకోసారి చెప్పు మేడం."

బంట్రోతు కసిరాడు. జడ్జిగారు చేత్తో అతన్ని ఆపి, "చెప్పండి" అన్నారు. మేడం ఒక్కో మాటా నిదానంగా, మళ్ళీ మొత్తం చెప్పారు. చెంగమ్మ వింటూ వింటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

తర్వాత తీర్పు ఆమె పక్షానే వచ్చింది. మేడం ఇప్పుడు లేరు. ఎక్కడ ఏది కూలినా, అది ఎవరి తప్పో కోర్టు నన్ను అడుగుతుంది. ఎవరి తప్పు కాదో కూడా తవ్వి చూసి రాస్తాను. అడగంది ఎందుకు రాస్తావని వకీళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ మాట కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు.