ఐదువందల మైళ్ళు ఖాళీగా

మా ఇంట్లో జీపు ఉండేదంటే మమ్మల్ని కలవారనుకునే ప్రమాదముంది. అది యుద్ధంలో పనిచేసి, డిస్పోజల్లో అమ్మకానికొచ్చి, మూడు చేతులు మారి మా దొడ్లోకి చేరిన జీపు. గెలిచిన పక్షానే పోరాడిందట గాని, చూస్తే అలా అనిపించేది కాదు. నాన్న దాన్ని కొన్నది నల్లరేగడి కోసం. మా ఊరు పర్చూరు అవతల, గుంటూరు వెళ్ళే కంకర రోడ్డుకి మూడు మైళ్ళు లోపలికి. గట్టి వాన పడితే ఆ మూడు మైళ్ళలో ఎడ్లు పొట్టదాకా దిగబడేవి. నాలుగు చక్రాలూ లాగే బండి ఒక్కటే కదిలేది.

నేను బి.ఎ. పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెప్పుకుంటూ ఇంట్లో తింటున్న రోజులవి. బండి నడపడం వచ్చినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. నా చదువుకి దొరికిన ఏకైక ఉపయోగం కూడా అదే, అదీ కాలేజీలో నేర్చుకున్నది కాదు.

ఒదినకి అప్పటికి రెండు కాన్పులు పోయాయి. రెండూ ఇంట్లోనే, రెండూ వానల్లోనే. మూడోసారి నెల తప్పినప్పుడు గుంటూరు డాక్టరమ్మ అన్నయ్యని ఎదురుగా నిలబెట్టి, ఈసారి కూడా మంత్రసానిని నమ్ముకునేటట్టయితే తన దగ్గరికి రానే వద్దని చెప్పింది. ఎనిమిదో నెలలో ఒదినని ప్రయాణం చేయించకూడదు కనక, తొమ్మిది రాగానే గుంటూరులో చుట్టాలింట్లో దింపాలని ఏర్పాటు. నొప్పులు తొందరపడితే జీపు. ఆ జీపు కాస్తా శ్రావణమాసంలో వెనక ఇరుసులో గేర్లు విరగ్గొట్టుకుని కూర్చుంది.

కొత్త గేర్లు మద్రాసు నించి వచ్చాయి. గుంటూరులో వాటిని బిగించిన మేస్త్రీ ముస్లిము, నడివయసు మనిషి, మాటలో తొందరగాని చేతిలో తడబాటుగాని లేనివాడు. పళ్ళు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడ్డానికి నూనెలో సిందూరం కలిపి పళ్ళకి పూసి, చక్రం తిప్పి, ఎక్కడ చెరిగిందో చూసేవాడు. చెరిగిన చోటు నచ్చకపోతే అంతా విప్పి మళ్ళీ మొదలు. అలా రెండు రోజులు.

"మేం దీన్ని ఆంజనేయస్వామికి పూస్తామండీ," అన్నాను.

"పూయండి బాబూ. ఆయన తోక తిప్పి చూసుకునే పని మీకు లేదు. నాకీ చక్రం తిప్పి చూసుకునే పనుంది," అన్నాడు తల ఎత్తకుండానే.

బండి అప్పగించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, వెనక ఇరుసు మధ్యన గేర్లుండే ఇనప ఉండమీద పెట్టాడు.

"ఇవి ఇంకా ఒకదాన్నొకటి ఎరగని పళ్ళు బాబూ. పదిహేను మైళ్ళు పోండి, ఆపండి. ఇక్కడ ఇట్టా చెయ్యి పెట్టి, చల్లారిందాకా కదపొద్దు. ఐదొందల మైళ్ళు ఖాళీ. తవుడు బస్తా కూడా ఎక్కించొద్దు. తరవాత నూనె మారుద్దాం. ఈలోగా బరువు మీద కాలిందా, పంటి పదును చచ్చిపోద్ది. పైకి తెలవదు. గట్టిగా లాగాల్సిన రోజున తెలుస్తది."

"అట్టాగేనండి," అన్నాను. మాట ఇవ్వడం నాకెప్పుడూ కష్టంగా ఉండేది కాదు.

నాన్నా నేనూ బండిని పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. గుంటూరు తిరిగొచ్చాక నాన్న బండిని ఇంటివేపు కాక, బజారులో ఒక కొట్టు ముందు ఆపించాడు.

"ఉప్పు బస్తా ఒకటి వేయిద్దాం," అన్నాడు.

మా ఇంట్లో కొత్త బండిగాని, కొత్త గేర్లు వేసుకొచ్చిన బండిగాని ఖాళీగా గడపలోకి రాకూడదు. నిండుగా రావాలి, ఉప్పుతో రావాలి. నాకు తెలియనిది కాదు. మా ఎద్దుబండ్లన్నీ అలాగే వచ్చాయి.

"మేస్త్రీ వద్దన్నాడు నాన్నా. కావాలంటే నేనే బస్తాలా కూర్చుంటాను. ఉప్పూ కారం తిన్న ఒళ్ళేగా."

"ఒరేయ్, నీ ఎకసెక్కాలు నీ కాలేజీలో పెట్టుకో. హారతి పట్టుకుని ఎదురొచ్చేది ఎవురు? కడుపుతో ఉన్న పిల్ల. ఆ పిల్లకి ఖాళీ బండి ఎదురు పెట్టమంటావా? రెండుసార్లు చూశాం చాల్దూ?"

నా దగ్గరున్నది ఇరుసుకి సంబంధించిన జవాబు. నాన్న మాట్లాడుతున్నది ఉయ్యాల గురించి.

ఒక్క బస్తాతో దిగితే ఊరు నవ్వుతుందని గొడ్లకి ఆరు బస్తాల తెలగపిండి చెక్క కూడా ఎక్కింది. నేను ఇంకొక జోకు వేశాను. ఏమిటో గుర్తు లేదు. గట్టిగా కాదనాల్సిన చోట జోకు వెయ్యడం నాకు అలవాటు. దానివల్ల ఎదుటివాళ్ళకి నేను ఒప్పుకున్నట్టూ ఉంటుంది, నాకు ఒప్పుకోనట్టూ ఉంటుంది.

పదిహేను మైళ్ళకి ఆపి చెయ్యి పెట్టీ పెట్టగానే తీసేశాను. అరచేయి మర్నాటికి బొబ్బెక్కింది. మబ్బు పట్టింది, పద పదమన్నాడు నాన్న. ఆపాల్సినంతసేపు ఆపలేదు. ఇంటికి చేరేసరికి ఒదిన గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడి ఉంది.

"ఏం అబ్బాయ్, బండి కొత్తగా పాడుతోందే?" అంది.

"సంగీతం నేర్చుకొచ్చింది ఒదినా," అన్నాను.

వెనక ఇరుసులోంచి సన్నటి కూత వస్తోంది. ఉప్పు బస్తా వంటింట్లో గానుగ నూనె డబ్బాల పక్కన పెట్టించాం.

ఆ తరవాత మేస్త్రీ చెప్పినదంతా అక్షరాలా చేశాను. రోజూ ఖాళీ బండి వేసుకుని వాడరేవు దాకా పోయేవాణ్ణి. సముద్రం చూడ్డానికి కాదు. ఇరుసు చల్లారేదాకా, ఎండబెట్టిన చేపల వాసనలో కూర్చుని, బొబ్బ మానిన అరచేత్తో మాటిమాటికీ దాని జ్వరం చూసేవాణ్ణి. ఐదువందల మైళ్ళూ పూర్తయ్యాయి. నూనె మార్పించడానికి వెళితే మేస్త్రీ పొరుగూరు వెళ్ళాడన్నారు. పక్క కొట్టువాడు మార్చాడు. పాత నూనె బొగ్గులా ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కూత తగ్గిందని మాత్రం చెప్పాను. తగ్గలేదు, మాకు అలవాటైంది.

ఒదినకి నొప్పులు ఎనిమిదో నెల చివర్లోనే వచ్చాయి. మూడు రోజుల ముసురు తరవాత, పొద్దున్నే, పాలు పితికే వేళకి. అన్నయ్య ఆమెని వెనక పరుపుమీద కూర్చోబెట్టి పట్టుకున్నాడు. నాలుగు చక్రాల గేరు వేశాను. మైలున్నర బాగానే లాగింది. వాగు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే వెనక కట్టె విరిగినట్టు చప్పుడైంది. వెనక చక్రాలు ఆగిపోయాయి, ముందు చక్రాలు రెండూ తమ గుంట తాము తవ్వుకున్నాయి.

"ఏందిరా?" అన్నాడు అన్నయ్య.

"అయిపోయింది," అన్నాను. నా జీవితంలో జోకు కాకుండా చెప్పిన మాటల్లో అదొకటి.

ఊళ్ళోకి పరిగెత్తి మంచం, నలుగురు మనుషుల్ని తెచ్చాను. వాళ్ళు అడుగుకొకసారి కూరుకుపోతూ మైలున్నర మోశారు. రోడ్డెక్కాక చాలాసేపటికి ఒక పత్తి లారీ ఆగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, గంట ముందు తేవాల్సిందని అంది. డాక్టర్లందరికీ ఆ వాక్యం నేర్పుతారేమో అనుకోవచ్చుగాని, ఆవిడ గడియారం చూసి మరీ చెప్పింది. ఒదిన బతికింది. పుట్టింది మగపిల్లాడు, దక్కలేదు. ఇంకో కాన్పుకి ఆశ లేదని కూడా ఆవిడే చెప్పింది.

రేగడి ఆరాక నాలుగు జతల ఎడ్లని కట్టి జీపుని ఇంటికి లాక్కొచ్చాం. మేస్త్రీకి కబురు చేస్తే తనే వచ్చాడు. అరుగు ముందు చాప పరుచుకుని ఇరుసు విప్పాడు. అన్నయ్య పక్కనే నిలబడ్డాడు. మేస్త్రీ విరిగిన పన్నొకటి గుడ్డతో తుడిచి ఎండకి పెట్టి చూశాడు. అది నీలంగా ఉంది.

"కాలింది. బరువేమన్నా ఏశారా బాబూ?"

నాన్న తన తువ్వాలు అంచు చూసుకుంటున్నాడు.

"లేదండి. ఖాళీగానే తిప్పాను. మీటర్లో మైళ్ళు చూసుకోండి," అన్నాను.

ఆయన మైళ్ళు చూడలేదు. ఆ పన్నునే ఇంకాసేపు చూశాడు.

"అట్టయితే నా చేతిలోనే తప్పింది," అన్నాడు మెల్లగా. లేచి అన్నయ్య ముందు నిలబడి చేతులు జోడించాడు. "మీ బిడ్డ నా వల్ల పోయాడయ్యా. సిందూరం రెండు రోజులు చూశాను. మూడో రోజూ చూడాల్సింది."

అన్నయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు. నేను చెప్పాల్సింది అప్పుడే. గుర్తున్నంతవరకూ నేను స్పానర్లు ఏరి పెట్టెలో సర్దుతున్నాను.

ఒదిన లోపల్నించి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఆసుపత్రి నించి వచ్చాక గుమ్మం దాటడం అదే మొదలు.

"ఉప్పు సరిపోయిందా సాయిబు గారూ?" అంది.

"సరిపోయిందమ్మా."

"ఆ బండిమీద వచ్చిన ఉప్పే. పెదకాకాని నించి వచ్చిన రోజున. చెక్క బస్తాలు అయిపోయినయ్యి గాని, ఉప్పు ఇంకా ఉంది."

నావేపూ చూడలేదు, నాన్నవేపూ చూడలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ మాత్రం నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

కార్తీకంలో మళ్ళీ కొత్త గేర్లు వేశాడు. ఈసారి జాగ్రత్తలేవీ చెప్పలేదు. బండెక్కి నా పక్కన కూర్చున్నాడు. కొట్టు మూసుకుని వారం పైచిలుకు రోజూ వచ్చి ఐదువందల మైళ్ళూ అలాగే కూర్చున్నాడు. పదిహేను మైళ్ళకొకసారి తనే దిగి, ఇరుసు మీద తన చెయ్యే పెట్టి, చల్లారాక "పదండి" అనేవాడు. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ జోకులు వెయ్యలేదు.

ఆ గేర్లు పన్నెండేళ్ళు నడిచాయి. వాటిమీద మిరపకాయలు మోశాం, పత్తి మోశాం. ఏ వానకీ బండి ఎక్కడా ఆగలేదు. ఒదినని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన పని మాత్రం మళ్ళీ పడలేదు.