పిలవకుండనే పోయిండన్నరు

నా చెల్లె కొడుకు నాకు అల్లుడే కాదు, దోస్తు గూడ. తండ్రి లేని పిల్లగాడు, ఇరవై మూడేండ్లు. నన్ను ఆట పట్టియ్యనిదే వానికి పొద్దుపోకపోయేది. "మామా, మీసానికి రంగేస్తివి సరే, మోకాళ్లకేం పూస్తవ్?" అని నలుగురిల నవ్విచ్చేటోడు. టేకులపల్లి దిక్కు అడివంచుకున్న నా మిర్చి చేన్ల మోటర్ కాలినా, పైపు పలిగినా ముందుగాల ఉరికొచ్చేది వాడే. స్టార్టర్ డబ్బ విప్పుకుంట ఏదో ఒక పాట పాడేటోడు, ఒక్కటి గూడ పూర్తిగ రాదు. వాడు పోయి రెండేండ్లు. గీ ముచ్చట ఇప్పటిదాక ఎవ్వలికి చెప్పలె.

ఆ రోజు నేను ముదిగొండల పెండ్లికి పోయిన. కల్లంల మిర్చి ఎండబోసి ఉంది. నేను బంతిల కూసొని కోడికూర కలుపుకుంటుంటె చేను పక్కాయన ఫోన్ జేసిండు, అడివి దిక్కు మబ్బు పట్టిందని. చెయ్యి గూడ కడుక్కోలె, ఎడమ చేత్తోనే అల్లునికి ఫోన్ కొట్టిన. జల్దీ పోయి మిర్చి మీద పట్టాలు కప్పుమన్న.

"మామా, రాత్రి సంది జరం. పక్కింటాయనను తోలనా?"

"మిర్చి తడిస్తె పక్కింటాయన ఏడుస్తడా? ఏంది, జరమని ముసుగు తన్ని పండుకున్నవ్, మొగోనివేనా?"

వాడు నవ్విండు. "మీసాల దొర హుకుం అయినంక ఆగుతమా? పోతున్న తియ్" అన్నడు.

నేను మల్ల అన్నం పెట్టిచ్చుకున్న. పెరుగు గూడ పోయించుకున్న.

వాగు కల్వర్టు కాడి మలుపుల వాని బండి జారింది. దవాఖానకు తీస్కపోయేలోపట్నే పానం పోయింది. వాన ఒక్క చినుకు పడలె. గాలొచ్చి మబ్బు ఎటో పోయింది, మిర్చి మంచిగ ఎండింది.

వాని ఫోన్ ముక్కలైంది. నేను ఫోన్ కొట్టిన యాల్లకు చెల్లె కూలికి పోయి ఉంది. "జరంతోని పండుకున్న కొడుకు ఎందుకు లేచిండో" అని ఆమె నెత్తి కొట్టుకుంటుంటె ఒక పెద్దాయన అన్నడు, "మామ మిర్చి తడుస్తదని పోయిండమ్మా, ఎవ్వలు పిలవకుండనే." అందరు అవ్ అవ్ అన్నరు. వాడు గసుంటోడే మరి. నాకు ఫోన్ జేసిన చేను పక్కాయన నా దిక్కు ఒకసారి చూసి పక్కకు జరిగిండు. నేను గూడ అవ్ అని తలూపిన. థూ, ఏం బతుకు నాది!

మూడొద్దులకు పిట్టకు పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనవి వండి ఇస్తరాకుల పెడితె కాకి ముట్టాలె, ముట్టకపోతె వాళ్ల మనసుల ఏదో మిగిలిందంటరు. ఎండుచాపల కూర, గారెలు పెట్టినం. కాకులు చెట్టు మీదికెంచి దిగలె. చుట్టాలు ఒక్కొక్కలు ఒక్కొక్క మాట ఇచ్చిండ్రు, అయినా దిగలె. వానికేం గావాల్నో నాకు తెలుసు. "నేనే పిలిచిన" అంటె అయిపోయేది. నాలిక మీదికొచ్చింది గూడ. అందరి మొకాలు చూసి, "అల్లుడా, మీ అమ్మను నేను చూసుకుంట" అన్న. కాకి దిగింది. మేనమామ మాట కోసమే ఆగిండని అందరు కండ్లు తుడుసుకున్నరు. కాకికి ఆకలైంది, గంతే. నాకు తెల్వదా?

అప్పటి సంది చెల్లె ఏం వండినా ముందుగాల నాకే గిన్నెల పెట్టి పంపుతది. నేను ఆమెను చూసుకునుడేంది, ఆమెనే నన్ను చూసుకుంటాంది.

మొన్న రెండో సంవత్సరీకం. నన్నే పెట్టుమన్నది, నా చెయ్యైతెనే వాడు ముడ్తడంట. ఈసారన్న చెప్పాలె అని తొవ్వపొంటి అనుకుంట పోయిన. ఇస్తరాకు కింద పెట్టి నోరు తెరిచేలోపట్నే కాకి దిగి గారె ఎత్తుకపోయింది.

చెల్లె నా చెయ్యి పట్టుకుంది. "చూసినవా అన్నా, పిలవకుండనే వచ్చిండు. ఆ రోజు నీ మిర్చికాడికి పోయినట్టే."

"అవ్ చెల్లె" అన్న.