మట్టి ఊళ్లో గోదావరి గొంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. కాబట్టి ఇది చదివి ‘పాపం, జడుసుకుంది’ అని ఎవరూ జాలిపడొద్దు. నేను జడుసుకునే రకం కాదు.

మాది కరీంనగర్. దుబాయ్‌లో కరామాలో ఉంటాం, ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కి, నలభై దాటాక సైకిల్ నేర్చుకున్నాను. అత్తగారు ఫోన్‌లోనే మూతి విరిచారు. మా ఆయన కాళ్లు విరుగుతాయన్నాడు. అయినా మానలేదు, చివరికి ఆయనా ఒక సైకిల్ కొన్నాడు. వారం మొత్తంలో నాకంటూ ఉన్నది సెలవు నాడు సైకిల్ తొక్కే ఆ ఒక్క పొద్దే.

రెండేళ్ల కిందట, జనవరిలో ఒక శనివారం, సైకిళ్లు కారుకు కట్టుకుని ఇద్దరం గంటన్నర దూరంలోని అల్ ఐన్ వెళ్లాం. ఖర్జూరపు తోటల పక్కన తొక్కుతూ పోతుంటే ఒక పాత మట్టి ఊరు తగిలింది. పచ్చి ఇటుకల గోడలు, పైన ఖర్జూరపు దుంగలూ మట్టలూ పరిచిన కప్పులు. మనుషులు వెళ్లిపోయి ఎన్నేళ్లయిందో. మా ఆయన టైరుకు గాలి కొడుతూ బయటే ఆగిపోయాడు. నేను లోపలికి వెళ్లి, ఒక వాకిట్లో సైకిల్ ఆనించి, నీడలో నిలబడి నీళ్లు తాగుతున్నాను.

“అమ్మాయ్, ఆ సూరు కింద నుంచోకు. బేగా రా ఇవతలికి.”

ఆడమనిషి గొంతు. గోదావరి వైపు యాస. కసిరినట్టే ఉంది. ఎవరో మనవాళ్లు చూడ్డానికి వచ్చారనుకుని నవ్వుతూ సందులోకి వచ్చాను. ఎవరూ లేరు. “ఎవరండీ?” అనేలోపే నా వెనక కప్పు కూలింది. దుంగ పడి సైకిల్ ముందు చక్రం వంగిపోయింది.

చప్పుడు విని మా ఆయనా, బయట కాపలా ఉండే పఠానూ పరుగెత్తుకొచ్చారు. ముగ్గురం ప్రతి గదిలోకీ తొంగిచూశాం. లోపలికి దారి ఒక్కటే, అక్కడ అప్పటిదాకా ఉన్నది మా ఆయనే.

“అందర్ కోయీ నహీ, మేడమ్,” అన్నాడు పఠాన్, నన్ను అదోలా చూస్తూ.

కారులో మా ఆయన అందుకున్నాడు. “ఎండకు నీకట్ల అనిపించింది. ఇగ ఈ సైకిల్ ఖలాస్.”

ఎండెక్కడిది? స్వెటర్ వేసుకునే చలి. పోనీ, నా మనసే నన్ను హెచ్చరించిందనుకుందాం. తొందర చెప్పాలంటే పుట్టినప్పటి నుంచీ నా నోట వచ్చింది ‘జల్ది’. నా సొంత మనసు నన్ను ‘బేగా’ రమ్మంటుందా?  

ఆఫీసులో ఒకరు జిన్ను అన్నారు. అత్తగారు ఏదో ఆడదెయ్యం పట్టిందని, దిష్టి తీయించుకోమన్నారు. అప్పుడొచ్చింది నాకు కోపం. నా ప్రాణం నిలబెట్టిన మనిషిని దెయ్యమనడానికి నోరెలా వచ్చిందని ఫోన్‌లోనే గట్టిగా అడిగాను. పెళ్లయ్యాక ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదలు.

చక్రం మార్పించి మళ్లీ వెళ్లాను, ఒక్కదాన్నే. కూలిన చోట కంచె వేశారు. గోదావరి నుంచి ఇళ్లల్లో పనికొచ్చి, ఇక్కడే మట్టిలో కలిసిపోయినవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకరా? ఏమో, తెలియదు. “ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?” అని పైకే అడిగాను.  సిగ్గు విడిచి ఏడ్చాను.

ఇంటికి రాగానే మా ఆయన, “ఎటు పోయినవ్?” అన్నాడు.

“ఒకామెను పలకరించొద్దామని పోయిన.”

“ఎవర్ని?”

“తెల్వదు. వచ్చే వారం గూడ పోత.”