ముక్కలైన తొడ, మడికొండ మిద్దె మీద పొగ

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు, మట్టెవాడలోని ఒక మాంసం దుకాణంలో, రెండున్నర కిలోల మేక తొడ కూర ముక్కలైపోయింది. ఆ తొడను కొట్టించకుండా తీసుకెళ్లి, మడికొండలో మిద్దె మీద నిదానంగా పొగబెట్టడానికే నేను తెల్లవారకముందే సికింద్రాబాద్‌లో రైలెక్కి వచ్చాను. శనివారం రాత్రి డ్యూటీ దిగి నేరుగా స్టేషన్‌కు వెళ్లాను. జనరల్ టికెట్టు వంద రూపాయల లోపే. సీటు దొరికింది, నిద్ర దొరకలేదు.

పిలిచింది రవీందర్, నా పాత రూమ్మేట్. మడికొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. హైదరాబాద్‌లో నేను అప్పుడప్పుడు మిద్దె మీద మాంసానికి పొగబెడతానని అతనికి తెలుసు. అయితే పిలిచింది రుచి కోసం కాదు. సొంత ఊళ్లో బోరు నీళ్ల వంతు దగ్గర అన్న సమ్మయ్యతో గొడవై మూడేళ్లయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు, రవీందర్‌కు పోగు లేదు. ఆ ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక మేకను కోసుకుంటారు. మోదుగాకుల మీద సమానంగా కుప్పలు పెడతారు. ప్రతి కుప్పలో కాస్త కార్జం, కాస్త కొవ్వు, కాస్త ఎముక ఉండాలి. ఆ కుప్పే పోగు. పోగు లేదంటే నువ్వు వాళ్ల మనిషివి కాదని లెక్క. ఆ ఆదివారం మధ్యాహ్నం సమ్మయ్య మొదటిసారి తమ్ముడి కొత్త ఇంటికి వస్తానన్నాడు. తింటానని మాత్రం అనలేదు.

"అన్న నా ఇంట్ల ఒక్క ముద్ద ముడితే చాలు భై. ఇగ పోగు సంగతి ఆయనే జూసుకుంటడు" అన్నాడు రవీందర్, వరంగల్ స్టేషన్ బయట బండి మీద కూర్చోబెట్టుకుంటూ.

తప్పు జరిగింది దుకాణంలోనే. తొడ తూకం వేయించి, "మంచిగ కొట్టన్నా" అనేసి రవీందర్ టీకి నడిచాడు. ఇరవై ఏళ్లుగా ఏ మాంసం కొన్నా అదే మాట. ఇక్కడ మాంసం అంటే ముక్కలే, పోగులో తొడ తొడగా ఎవరికీ రాదు. నేనూ టీ వెనకాలే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మొద్దు మీద ముక్కల కుప్ప ఉంది.

"తొడ ఏదన్నా?" అన్నాడు రవీందర్.

"గిదే గదా. కొట్టుమన్నది నువ్వే."

"ఇంకోటి లేదా?"

"ఉన్నయన్ని ముందుగాల్నే చెప్పుకున్నరు. ఆదివారం నాడు గిప్పుడొచ్చి తొడ అంటే ఏడ తేవాలె?"

కిలో తొమ్మిది వందలు. డబ్బులిచ్చి హన్మకొండ, కాజీపేట మీదుగా మడికొండ చేరేసరికి ముప్పావు గంట పట్టింది.

మిద్దె మీద ఏర్పాటు బాగానే ఉంది. నిలువునా సగానికి కోసిన ఇనుప డ్రమ్ము, దానికి మూత, ఇస్త్రీ బండివాళ్లు కొనే చోట తెచ్చిన కట్టె బొగ్గు, ఎండిన జామ కట్టె. పాత డ్రమ్మును ముందు రోజే ఒకసారి ఖాళీగా మంటపెట్టి, గీకి కడిగారు. మీరు డ్రమ్ము కొంటే ఇది తప్పనిసరి. వంటనూనె డ్రమ్ము అయితే పర్వాలేదు, రసాయనాలు పోసిన డ్రమ్ము మాత్రం వద్దు. నిప్పులు ఒక పక్కకు, మాంసం రెండో పక్కకు ఉండాలి, మాంసం కింద నీళ్ల గిన్నె పెట్టాలి. జామ, మామిడి కట్టె మంచివి. వేప చేదెక్కిస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలు వాడొద్దు. ఇదంతా ఆరుబయటే చేయాలి, తలుపులు మూసిన చోట బొగ్గు ప్రాణం తీస్తుంది.

ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి డ్రమ్ము మీది ఇనుప జాలీ మీద పరిచాం. చిన్న ముక్కలు కొన్ని సందుల్లోంచి బూడిదలో పడ్డాయి. అంచున ఉన్నవి అరగంటలో చెక్కలా ఎండాయి. ఇంతలో సమ్మయ్య వచ్చాడు. ఊరి బస్సులో హన్మకొండకు, అక్కడినుంచి ఆటోలో మడికొండకు. రవీందర్ భార్య స్వరూప మంచినీళ్లు ఇచ్చింది. "బస్సుల తాగిన" అని గ్లాసు పక్కన పెట్టి, పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"తమ్మీ, నీ దోస్తుకు జెప్పు. గిది మాంసానికి పెట్టే పొగ కాదు, దోమలకు పెట్టే పొగ" అన్నాడు నాతో.

రవీందర్ కూడా నా వైపే చూశాడు. "అన్నకు జెప్పు భై, కట్టె ఇంకా అంటుకుంటాంది."

"ఇద్దరి నడుమ ఈ అన్న ఏమన్న ఫోనా?" అంది స్వరూప.

పొగ విషయంలో సమ్మయ్య చెప్పింది నిజమే. తెల్లగా, చిక్కగా వచ్చే పొగ మాంసాన్ని చేదు చేస్తుంది. కట్టె బాగా అంటుకుని పొగ పలచబడ్డాకే మాంసం పెట్టాలి. నాకు తెలిసిన సంగతే. నిద్రలేక తొందరపడ్డాను.

కాసేపటికి సమ్మయ్య లేచి డ్రమ్ములోకి తొంగి చూశాడు. "అమ్మ తునకలు పొయ్యి మీద దండకట్టి వేలాడగట్టేది. జాలీల పర్సుతే గిట్లనే మాడ్తయి" అని, బట్టలారేసే తీగ విప్పబోయాడు. నేను ఆపాను. ఆ తీగకు జింకు పూత ఉంటుంది, వేడికి అది మంచిది కాదు. సమ్మయ్య పొగ కోసం తెచ్చిన జామ కొమ్మల్లో సన్నవి ఏరి, చాకుతో బెరడు గీకి పుల్లలు చేశాడు. మెత్తటి ముక్కలు పుల్లలకు గుచ్చి, నిప్పులకు దూరంగా డ్రమ్ము అంచుల మీద అడ్డంగా పెట్టాలని ఆలోచన. రవీందర్ కూడా కింద కూర్చుని ఒక పుల్ల అందుకున్నాడు.

"ఏందిరా గట్ల గుచ్చుతానవ్? బొక్క ముక్కలు పక్కకు పెట్టు, స్వరూప కూర జేస్తది."

మూడేళ్లలో తమ్ముడితో అన్న మాట్లాడిన మొదటి మాట అదేనని స్వరూప తర్వాత చెప్పింది. ఆ సమయంలో రవీందర్ "సరే" అన్నాడు, అంతే. బొక్క ముక్కలు పక్కకు పెట్టాడు.

మూత వేశాక గంటన్నర పట్టింది. వంట థర్మామీటరు డెబ్బై అయిదు డిగ్రీలు దాటాక దించి, పది నిమిషాలు కప్పి ఉంచాం. తొడ మొత్తంగా ఉండి ఉంటే సాయంత్రం దాకా అయ్యేది కాదు, ఈలోగా సమ్మయ్య బస్సు వెళ్లిపోయేది. మధ్యాహ్న భోజనానికి పిలిచి పొద్దున నిప్పు రాజేయడం అసలు మొదటి పొరపాటు. దాన్ని దుకాణంలో కత్తి సరిచేసింది.

సమ్మయ్య ఒక పుల్ల తీసుకుని ఒక ముక్క నమిలాడు. రవీందర్ నిప్పులు కెలుకుతూ నిలబడ్డాడు. కెలకడానికి అక్కడేం లేదు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు సమ్మయ్య. ఇంకో ముక్క తీశాడు. "స్వరూపా, జర అన్నం పెట్టు."

సాయంత్రం కాజీపేటలో రైలెక్కాను. బట్టలకు పొగ వాసన, కళ్లలో మంట. ఎదుటి సీటాయన ముక్కు మూసుకుని కిటికీ వైపు జరిగాడు. మనుషుల మధ్య మాట మోయడం డ్యూటీ కన్నా ఎక్కువ అలసట అని ఆ రోజు తెలిసింది. పొగబెట్టడం కష్టమేమీ కాదు, టైము కావాలి. అన్నదమ్ములకూ బహుశా అంతే కావాలేమో, నాకు తెలియదు. నేను చూసింది రాశాను. మీరు ఇంట్లో చేయాలనుకుంటే ఒక్క మాట: తొడ కావాలని ముందు రోజే దుకాణంలో చెప్పండి, తూకం అయ్యి తొడ సంచిలో పడేదాకా అక్కడే నిలబడండి, టీ తర్వాత తాగండి.

ఆటో ఎక్కుతూ సమ్మయ్య తమ్ముడితో అన్న మాట ఇది: "వచ్చే ఆదివారం కోస్తానం. పొద్దుగాల్నే రా. తొడ తొడ అని లొల్లి పెట్టకు, అందరితోని సమానమే."

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు, సమ్మయ్య వాకిట్లో మేకను కోస్తారు. అయిదు పోగులు పెడతారు. మూడేళ్లుగా నాలుగే పెట్టేవారు.