తడికల వెనక నీళ్లు

సముద్రం మీద అలలు ఎలా పుడతాయో నేను పరీక్షలో బాగా రాశాను. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు మా మేడం ఆ జవాబును క్లాసులో చదివి వినిపించింది కూడా. అప్పటికి నేను సముద్రం చూడలేదు. నేలకొండపల్లిలో మా ఇంట్లో పెద్ద నీళ్లంటే గంగాళంలో నీళ్లే.

ఆ జవాబు ఇప్పటికీ గుర్తుంది. గాలి నీటిని రాసుకుంటూ పోతే ముందు సన్నని ముడతలు పడతాయి. నున్నటి నీటి మీద జారిపోయే గాలికి ఆ ముడతల దగ్గర పట్టు దొరుకుతుంది. పట్టుకుని నెట్టేకొద్దీ ముడత అల అవుతుంది. అది ఎంత ఎత్తు పెరుగుతుందన్నది గాలి ఎంత జోరుగా వీచింది, ఎంతసేపు వీచింది, అడ్డం లేకుండా నీటి మీద ఎంత దూరం వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. తుఫానుకు ఈ మూడూ దొరుకుతాయి.

పెళ్లయ్యాక పెనుబల్లి అవతల, అడవి అంచున ఒక సాగునీటి ప్రాజెక్టుకు వచ్చాను. మా ఆయన అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్. మా క్వార్టర్ కట్ట కిందనే. ప్రాజెక్టు నిండితే అవతలి నీళ్లు మా ఇంటి కప్పుకంటే ఎత్తులో ఉంటాయి. బియ్యం ఏరుతున్నా, బట్టలు మడుస్తున్నా ఆ సంగతి నా వీపుకు తెలుస్తూనే ఉండేది. పాప పుట్టాక మరీ ఎక్కువైంది. పాలిస్తూ పాలిస్తూ ఆగి చెవి పెట్టి వినేదాన్ని. పాప కూడా తాగడం ఆపి నా మొహంలోకి చూసేది.

పుట్టింటి నుంచి పాపను తీసుకొచ్చే ముందే మా ఆయన పెరట్లో స్నానం బండ పక్కన ఒక వెదురు తడిక కట్టించి పెట్టాడు. మనిషెత్తు తడిక, దగ్గర అల్లిక. పాపకు నీళ్లు పోయడానికి గూడెం నుంచి ఒక అవ్వ వచ్చేది. కాళ్లు చాపి పాపను బోర్లా వేసుకుని, నలుగు పెట్టి, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. తడికకు ఎక్కడైనా సందు కనిపిస్తే గాలి రాకుండా నేను పాత చీర పేలిక దోపేదాన్ని. అవ్వ నవ్వేది. పిల్లకు నీళ్లు పోస్తున్నామా, గుమ్మిలో వడ్లు దాస్తున్నామా అని.

పాపకు అయిదో నెల నడుస్తుండగా బంగాళాఖాతంలో తుఫాను పుట్టిందని రేడియోలో చెప్పారు. సముద్రం మాకు చాలా దూరం. కానీ ఆ గాలి తోక మా దాకా వస్తుంది. ప్రాజెక్టు నిండు కుండలా ఉంది. నేను ట్రంకుపెట్టె తీసి పాప బట్టలు, పాల డబ్బా, గ్రైపు సీసా సర్దాను. మా అమ్మ దగ్గరికి పోతానని చెప్పాను. తుఫాను పోయేదాకా కాదు, మా ఆయనకు బదిలీ అయ్యేదాకా అన్నాను. ఆయన, పొద్దున బస్సెక్కిస్తానని, తను మాత్రం కట్ట విడిచి రాలేనని చెప్పాడు.

పొద్దుటికి గాలి లేచింది. నేను పాపను గొంగడిలో చుట్టుకుని వాకిట్లో నిలబడేసరికి, గూడెం జనం కట్ట మీదికి తడికలు మోసుకుపోతున్నారు. వాకిలి తడికలు, మేకల దొడ్డి తడికలు, దడికి కట్టిన తడికలు. అక్కడి పద్ధతి అది. నిండిన ప్రాజెక్టు మీద గాలి కట్ట వైపు మళ్లితే ఇంటికొక తడిక ఇవ్వాలి. నీటి అంచున గుంజలు పాతి వాటిని కడితే, అలలు వచ్చి తడికలకు కొట్టుకుంటాయి, కట్ట రాళ్లు కదలవు.

మా ఇంటికి అవ్వే వచ్చింది. నేరుగా పెరట్లోకి పోయి తడిక ముడులు విప్పడం మొదలుపెట్టింది. అది వద్దని, పాపకు చలిగాలి తగులుతుందని అడ్డం పోయాను. ఊరు విడిచి పోతున్న దాన్ని, పెరట్లో తడిక కోసం ఎందుకు పట్టుబట్టానో నాకే తెలియదు.

అవ్వ ముడి విప్పడం ఆపలేదు. "గాలి నీ పిల్లకు తగిలితే నేను పసరు పోస్త. కట్టకు తగిలితే నువ్వేం పోస్తవ్ బిడ్డా?"

నేను పక్కకు జరిగాను.

బస్సు రోడ్డుకు దారి కట్ట మీదుగానే. మా ఆయన ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. పైకెక్కాక నేను మొదటిసారి తలెత్తి ఆ నీళ్లను చూశాను. అంతకుముందెప్పుడూ గాలిరోజున కట్ట ఎక్కలేదు.

అవతలి ఒడ్డున గుట్టల కింద నీళ్లు నున్నగా ఉన్నాయి. అంత గాలి వీస్తున్నా అక్కడ అద్దంలా ఉన్నాయి. కొంచెం ఇవతల ముడతలు మొదలయ్యాయి. నడిమికొచ్చేసరికి చిన్న అలలు. మా కాళ్ల దగ్గరికి వచ్చేసరికి తలలు తెల్లబడి, కట్ట వాలు తగలగానే అడుగుభాగం ఆగిపోయి పైభాగం ముందుకు తూలి పడుతున్నాయి. నా పరీక్ష జవాబు మొత్తం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా పరిచినట్టుంది. ఒక మోదుగాకు నీళ్ల మీద తేలుతోంది. ఒక్కొక్క అల దాని కింది నుంచి పోతున్నప్పుడు లేచి, దిగి, దాదాపు ఉన్నచోటే ఉంది. నీళ్లన్నీ మా ఇంటి మీదికి ఉరుకుతున్నాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. వస్తున్నది నీళ్లు కాదు, గాలి పెట్టిన ఊపు.

ఆ ఊపుకు ఇక్కడ పరుగెత్తడానికి చోటు ఎంతో లేదు. సముద్రం మీద అల వందల మైళ్లు పెరుగుతూ పోగలదు. ఇక్కడ గుట్టల దగ్గర పుట్టి కట్ట దగ్గర అయిపోవాలి. మా ఆయనతో అదే చెప్పాను. నీళ్లు ఇంతే దూరం గనక, గాలి ఇంకా ముదిరితే తప్ప అలలు ఇంతకంటే పెరగవని.

"గా మాట గాలికి చెప్పు," అన్నాడు ఆయన. కానీ పెట్టె కిందికి దించాడు.

భయం పోలేదు. ఎంత పెద్దదో మాత్రం తెలిసింది. కింద మా తడిక కడుతున్నారు, పట్టుకోవడానికి ఒక చెయ్యి తక్కువైంది. పాపను అవ్వకిచ్చి దిగాను. అల వచ్చి తడికకు తగిలినప్పుడు నా మోచేతుల దాకా అదురు వచ్చేది. అల్లిక సందుల్లోంచి నీళ్లు ఇవతలికి వచ్చేసరికి వాటిలో జోరు లేదు. నేను దోపిన చీర పేలికలు ఇంకా ఆ సందుల్లోనే ఉన్నాయి. తడిక వెనక జానెడు మేర నీళ్లు, పాప స్నానానికి కలిపి పెట్టిన నీళ్లలా, కొద్దిగా కదులుతూ ఉన్నాయి.

బస్సు వచ్చి ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

గాలి మరునాడు సాయంత్రం దాకా వీచి తగ్గింది. కట్ట నిలిచింది. ఎవరి తడిక వాళ్లు విప్పుకుపోయారు. మాది కింది సగం చిరిగిపోయింది. ఉన్న సగం వెనకే అవ్వ పాపకు నీళ్లు పోసింది. కాళ్లకు గాలి తగిలి పాప ముందు ఉలిక్కిపడి, తరువాత కాళ్లాడించి కేరింతలు కొట్టింది. "సూడు, నీ పిల్లకు గాలంటే ఇష్టమే," అంది అవ్వ.

ఆ పాపకిప్పుడు నాలుగేళ్లు. మొన్న కట్ట మీద నడుస్తూ, సముద్రంలో అలలు కూడా కట్ట దగ్గరే అయిపోతాయా అని అడిగింది. సముద్రానికి మన ప్రాజెక్టుకు ఉన్నట్టు దగ్గర్లో అవతలి ఒడ్డు ఉండదని, ఎక్కడో తుఫానులో పుట్టిన అలలు తుఫాను ఆగిపోయాక కూడా రోజుల తరబడి వస్తాయని, గాలి లేని ఒడ్డుకు కూడా వచ్చి తగులుతాయని చెప్పాను.

"గంత దూరం వస్తే అలసిపోవా అమ్మా?"

పొట్టివి అలసి మధ్యలోనే ఆగిపోతాయని, పొడుగ్గా సాగే అలలే అంత దూరం రాగలవని చెప్పాను. అది, తను పొట్టిది గనక ఎత్తుకొమ్మని చేతులు చాపింది.

ఇది రాస్తుంటే బయట గాలి వీస్తోంది. ఇందాక లేచి కిటికీ రెక్క వేశాను. మళ్లీ వెళ్లి సగం తీశాను. పిల్ల మంచం కింద ఆ ట్రంకుపెట్టె ఉంది. ఆ తుఫాను తరువాత దాన్ని నేను ఒకేసారి కూర్చుని విప్పి సర్దలేదు. ఇవాళ ఒక గౌను, రేపు ఒక టోపీ, అవసరమైనప్పుడు ఒకటి తీస్తూ పోయాను. అది ఖాళీ అయ్యేసరికి మోదుగులు పూశాయి, ప్రాజెక్టులో నీళ్లు సగానికి దిగాయి. అప్పటికి పాప మంచం పట్టె పట్టుకుని నిలబడుతోంది.