ఫ్యాను ఆపిన తర్వాత

మా వదిన చేసే పని వింటే జనం నవ్వేవాళ్ళు. ఓడలు కట్టేవాళ్ళ ప్రయోగశాలలో వీధంత పొడవున్న గాజు తొట్టి ఒకటుంది. అందులో నీళ్ళమీద తేలే తెట్టు తీయడం ఆమె ఉద్యోగం. "మా కోడలు నీళ్ళని కడిగి జీతం తెస్తుంది," అని అమ్మ ఎకసెక్కాలాడేది. కాస్త జిడ్డు తేలినా గాలికి పట్టు దొరకదట, అలలు సరిగ్గా లేవవట. అందుకే వదిన పనికెళ్ళేముందు చేతులు రెండుసార్లు తోముకునేది.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. తొట్టికి ఈ చివర పెద్ద ఫ్యాను వేశారు. ముందు నీళ్ళమీద సన్నని ముడతలు లేచాయి. గాలి ఆ ముడతల్నే పట్టుకుని తోస్తుంటే అవి అలలయ్యాయి, ముందుకు పోయేకొద్దీ ఎత్తు పెరిగాయి. ఫ్యాను ఆపారు. ముడతలు మాయమయ్యాయిగానీ పెద్ద అలలు మాత్రం నున్నగా, ఏమీ ఎరగనట్టు వెళ్ళి అవతలి చివర కొట్టుకున్నాయి.

"చూశావా, తోసే గాలి పోయినా ఇవి ఆగవు," అంది వదిన. నాకేమో ఆకలి దంచేస్తోంది.

ఆ ఏడాది తుపానులో అన్నయ్య చేపల పడవ ఒక దీవి చాటున తలదాచుకుంది. తుపాను వెలిశాక ఫోన్ చేశాడు. "గాలి పూర్తిగా పడిపోయింది. బయల్దేరుతున్నాం."

"వద్దండీ! గాలి ఆగినా అలలు ఆగవు. ఇంకొక్క రోజు ఆగండి," అంది వదిన.

"నీ తొట్టీ సముద్రమూ ఒకటేనా?" అని నవ్వాడు.

అమ్మకి ఒళ్ళు మండింది. "వాడు ఇంటికొస్తానంటే నీ అడ్డుపుల్లలేంటి?" అని ఫోన్ లాక్కుంది. "వచ్చేయ్ నాన్నా, నిన్ను చూస్తేగానీ నాకు ముద్ద దిగదు." అమ్మ మాట అన్నయ్య ఎప్పుడూ జవదాటలేదు.

పడవ చెక్కలు దొరికాయి. అన్నయ్య దొరకలేదు. బతికి ఒడ్డుకు చేరిన ఒకే ఒక్కడు నాకూ వదినకీ చెప్పాడు. దీవి మలుపు తిరిగేసరికి, చుక్క గాలి లేకుండానే ఇంటెత్తు అలలట.

అమ్మ మంచం పట్టింది. ఆమెని చూస్తే నాకు కోపం, వదినని చూస్తే ఏడుపు. ఇక మా ఇల్లు కోలుకోదని తేలిపోయింది.

ఒక సాయంత్రం అమ్మ వదిన చెయ్యి పట్టుకుంది. "నేను రమ్మన్నందుకే పోయాడు కదే?"

"కాదత్తయ్యా. దారిలో మళ్ళీ గాలి లేచింది. ఎవరమూ అనుకోలేదు."

నీళ్ళ విషయంలో వదిన అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. పడవ బయల్దేరిన రోజంతా కొడుకు కోసం వాకిట్లో కూర్చున్న మనిషి అమ్మ. తీగమీద ఆరేసిన బట్ట ఒక్కటీ కదల్లేదని ఆమెకీ తెలుసు.

"అవునే, లేచే ఉంటుంది," అని గోడవైపు తిరిగి పడుకుంది.